కొలెస్ట్రాల్ తగ్గించుకోవడం: రిపోర్టు నుంచి కంచం దాకా

కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని తెలియగానే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్లలో గుడ్డు మానేస్తారు, నెయ్యి మానేస్తారు. మూడు పూటలా అన్నం, సాయంత్రం బజ్జీలు, రోజుకు నాలుగు టీలు మాత్రం యథాతథంగా సాగుతాయి. మూడు నెలల తరువాత మళ్లీ పరీక్ష చేయిస్తే అంకెలు పెద్దగా కదలవు. ఇంతగా నోరు కట్టుకున్నా తగ్గలేదంటే ఇక తిండితో లాభం లేదని తేల్చేసుకుంటారు. పోషకాహార సలహాలు ఇచ్చే పనిలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇదే. తిండితో లాభం ఉంది. కాకపోతే రిపోర్టులో ఏ అంకె గాడి తప్పిందో చూసి, ఆ అంకెను కదిలించగల అలవాటునే పట్టుకోవాలి.

మొదటి అడుగు: రిపోర్టును మీరే చదవండి

రక్తంలోని కొవ్వులను కొలిచే లిపిడ్ ప్రొఫైల్ పరీక్ష కాగితం చేతికి రాగానే అందరి చూపూ మొదటి వరుసలోని మొత్తం కొలెస్ట్రాల్ మీదే పడుతుంది. నిజానికి చికిత్సకు అది అంతగా పనికిరాదు. దాని కింద ఉన్న మూడు అంకెలు చూడండి. కొలతలన్నీ డెసీలీటరు రక్తానికి మిల్లీగ్రాముల్లో ఉంటాయి.

ఎల్‌డీఎల్ అనేది రక్తనాళాల గోడల్లోకి చేరి పేరుకునే కొలెస్ట్రాల్. 100 లోపు ఉంటే మంచిది, 130 దాటితే పట్టించుకోవాలి, 160 దాటితే ఎక్కువ. హెచ్‌డీఎల్ అనేది ఒంట్లో మిగిలిన కొలెస్ట్రాల్‌ను తిరిగి కాలేయానికి చేర్చే మంచి రకం. అది మగవారిలో 40 కన్నా, ఆడవారిలో 50 కన్నా తగ్గకూడదు. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి. ఇవి కొలెస్ట్రాల్ కావు. మనం తిన్న పిండిపదార్థం, చక్కెర, మద్యం అవసరానికి మించినప్పుడు కాలేయం తయారు చేసి రక్తంలోకి పంపే కొవ్వు ఇది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయండి. మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్ తీసేయండి. మొత్తం 210, హెచ్‌డీఎల్ 38 అయితే మిగిలేది 172. రక్తనాళాలకు హాని చేసే కొలెస్ట్రాల్ అంతా ఈ అంకెలో ఉంటుంది. ఇది 130 లోపు ఉండాలి. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవారికి ఎల్‌డీఎల్ కన్నా ఈ అంకే నమ్మకమైన గుర్తు.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తరఫున మధుమేహం మీద జరిగిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం మొదటి దశలో 72.3 శాతం మందికి హెచ్‌డీఎల్ తక్కువగా, 29.5 శాతం మందికి ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా కనిపించాయి. ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉన్నవారు 11.8 శాతమే. అంటే మన దేశంలో ఎక్కువమంది రిపోర్టుల్లో తప్పుతున్న అంకెలకు గుడ్డుతో సంబంధం చాలా తక్కువ. అన్నం, తీపి, కూర్చొని గడిపే జీవితం వాటికి అసలు మూలాలు.

రెండో అడుగు: ముందు డాక్టరు దగ్గరకు వెళ్లవలసినవారు ఎవరో తేల్చుకోండి

ఎల్‌డీఎల్ 190 దాటితే అది చాలావరకు వంశపారంపర్యం. ఆహారం తోడ్పడుతుంది కానీ దానితోనే సరిపోదు. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే క్లోమగ్రంథి వాచే ప్రమాదం ఉంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. ఇంతకు ముందు గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు, మధుమేహం ఉన్నవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు కూడా ఇంటి ప్రయత్నాలతో కాలం గడపకుండా మందుల సంగతి డాక్టరుతో మాట్లాడాలి. థైరాయిడ్ మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది. ఆ పరీక్ష ఒక్కసారైనా చేయించుకోకుండా ఏడాది పాటు నూనె కొలుచుకుంటూ కూర్చోవడం వృథా.

ఉద్దానం ప్రాంతంవారికి ఒక మాట. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎంతమందిని బాధిస్తోందో మీకు తెలుసు. కింద నేను ఎక్కువగా తినమని చెప్పే పప్పులు, ఆకుకూరలు, గింజలు, పండ్లు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) పెరిగినవారికి అదే మోతాదులో సరిపడవు. వాటిలోని పొటాషియం, ఫాస్ఫరస్ వారికి భారం కావచ్చు. అక్కడివారు లిపిడ్ ప్రొఫైల్‌తో పాటు క్రియాటినిన్ కూడా చూపించుకొని, డాక్టరు చెప్పిన మేరకే మార్పులు చేసుకోవాలి.

మూడో అడుగు: ఎల్‌డీఎల్ ఎక్కువైతే కొవ్వు రకం మార్చండి

ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి తీసేసే పని కాలేయానిది. అందుకోసం కాలేయ కణాల మీద ఎల్‌డీఎల్‌ను పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. సంతృప్త కొవ్వు (నెయ్యి, మీగడ, కొబ్బరి నూనె లాంటివాటిలో ఎక్కువగా ఉండేది) ఎక్కువగా తింటే ఆ గ్రాహకాల పని మందగించి ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ఉండిపోతుంది. మనం తిన్న కొలెస్ట్రాల్ కన్నా సంతృప్త కొవ్వే దీన్ని ఎక్కువగా పెంచుతుంది.

రోజుకు 2000 కేలరీలు తినే మనిషి సంతృప్త కొవ్వును 15 గ్రాముల దగ్గర ఆపగలిగితే మంచిది. ఒక చెంచా నెయ్యిలో సుమారు 3 గ్రాములు ఉంటుంది. గుడ్డులో ఒకటిన్నర గ్రాము. మీగడ తీయని గేదెపాలు ఒక గ్లాసులో సుమారు 8 గ్రాములు. చూశారా, మానేసిన గుడ్డు, నెయ్యి కన్నా ఎవరూ అనుమానించని పాలలోనే ఎక్కువ ఉంది. పాలు మానమని చెప్పడం లేదు. కాచి చల్లార్చి మీగడ తీసి వాడండి, లేదా ప్యాకెట్ పాలు కొనేటప్పుడు టోన్డ్, డబుల్ టోన్డ్ రకాలు తీసుకోండి. మొదటి ముద్దలో ఒక చెంచా నెయ్యి చాలామందికి పెద్ద ఇబ్బంది కాదు. రోజుకు ఒక గుడ్డూ అంతే. మధుమేహం ఉన్నవారు, ఎల్‌డీఎల్ బాగా ఎక్కువ ఉన్నవారు మాత్రం గుడ్ల సంఖ్యను డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి.

ఇక నూనె. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం 2000 కేలరీల ఆహారంలో నూనె, నెయ్యి అన్నీ కలిపి రోజుకు 27 గ్రాములు, అంటే సుమారు 30 మిల్లీలీటర్లు, ఆరు టీ చెంచాలు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. రోజూ చెంచాలతో కొలవడం ఎవరి వల్లా కాదు. అందుకే నెల మొదట్లో మూడున్నర లీటర్లు కొని, అది నెలాఖరు దాకా వచ్చేటట్టు వండమని నేను చెబుతాను. ఎప్పటి నుంచో అయిదారు లీటర్లు వాడుతున్న ఇల్లయితే ఒక్కసారిగా కాకుండా నెలకు అర లీటరు చొప్పున తగ్గించండి. ఆవకాయ మీద తేలే నూనె కూడా ఈ లెక్కలోనిదే.

ఏ నూనె అన్నది తరువాతి ప్రశ్న. నువ్వులు, వేరుశనగ మన మెట్టపొలాల్లో పండేవే. ఈ రెండు నూనెల్లోనూ సంతృప్త కొవ్వు అయిదో వంతుకు మించదు. పామాయిల్‌లో దాదాపు సగం, కొబ్బరి నూనెలో పది వంతుల్లో ఎనిమిదికి పైగా సంతృప్త కొవ్వే. ఉద్దానం కొబ్బరి మీద గౌరవంతోనే చెబుతున్నాను: వంటకు రోజూ కొబ్బరి నూనె వాడితే ఇతర వంటనూనెల కన్నా ఎల్‌డీఎల్ పెరుగుతుంది. పచ్చడిలో వేసుకునే కాస్త కొబ్బరితో భయం లేదు. గానుగ నూనె అయితే ఎంతయినా వాడవచ్చన్న నమ్మకం కూడా సరికాదు. కేలరీలు అందులోనూ అన్నే.

బయట వేయించిన తిండి విషయంలో నేను కొంచెం కఠినంగానే ఉంటాను. నూనెల్లో ట్రాన్స్ కొవ్వు (ఎల్‌డీఎల్‌ను పెంచే హానికరమైన కొవ్వు) 2 శాతానికి మించకూడదన్న నిబంధన 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. కానీ మరిగిన నూనెనే మళ్లీ మళ్లీ మరిగించే బండి దగ్గర ఆ నిబంధన మిమ్మల్ని కాపాడలేదు. పునుగులు, బజ్జీలు వారానికి ఒకసారికి పరిమితం చేయండి. తక్కిన సాయంత్రాలకు ఉడికించిన వేరుశనగ కాయలు, గుగ్గిళ్లు, నూనె కలపని మరమరాల మిక్చరు ఉన్నాయి. పలాస జీడిపప్పు కూడా మంచిదే. అందులోని కొవ్వులో ఎక్కువ భాగం అసంతృప్తమే. వేయించకుండా, ఉప్పు అద్దకుండా గుప్పెడు తినండి. అదనంగా కాదు, ఆ పూట తినే మరో చిరుతిండికి బదులుగా.

నాలుగో అడుగు: కరిగే పీచు పెంచండి

అన్నిటిలోకి తక్కువ ఖర్చుతో అయ్యే పని ఇది. మనవాళ్లు అన్నిటికన్నా తక్కువగా పట్టించుకునేదీ ఇదే. కాలేయం కొలెస్ట్రాల్‌తో పైత్యరసాన్ని తయారు చేసి పేగుల్లోకి వదులుతుంది. మామూలుగా అందులో చాలా భాగం తిరిగి శరీరంలోకి చేరుతుంది. నీటిలో కరిగి జిగురుగా మారే పీచు దాన్ని పట్టుకొని మలంతో బయటకు పంపేస్తుంది. లోటు పూడ్చుకోవడానికి కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. రోజుకు 5 నుంచి 10 గ్రాముల కరిగే పీచు అందితే ఎల్‌డీఎల్ సుమారు 5 శాతం తగ్గుతుంది.

ఎక్కడ దొరుకుతుంది? బెండకాయలో ఆ జిగురే ఉంది. వేపుడుగా చేసి ఆ జిగురు పోయేదాకా నూనెలో మగ్గించడం కన్నా పులుసు పెట్టుకోండి. వంకాయ, చిక్కుడు, జామ, బత్తాయి, ఇంకా అన్ని పప్పులూ. ఉలవలను గుగ్గిళ్లుగానో చారుగానో వారానికి రెండు మూడుసార్లు తినండి. చారు చేసినప్పుడు ఉడికిన గింజలను పశువులకు వేసేయకుండా కూరగానో పొడికూరగానో వాడుకుంటే పీచు మీకే దక్కుతుంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి లాంటివి పెళ్లిళ్లకే మిగిలిపోతున్నాయి. వాటిని వారపు వంటలోకి తీసుకురండి.

చోడి అంబలి గురించి నిజం చెప్పాలి. రాగుల్లో ఉన్న పీచులో ఎక్కువ భాగం కరగనిది. కాబట్టి అంబలి తాగినంత మాత్రాన ఎల్‌డీఎల్ పడిపోదు. దాని ప్రయోజనం వేరే ఉంది: ఉదయం నాలుగు ఇడ్లీలో, పూరీలో తినే చోట మజ్జిగ కలిపిన చిక్కటి అంబలి తాగితే పాలిష్ పట్టిన బియ్యం, మైదా, నూనె ఆ మేరకు తగ్గుతాయి. కరిగే పీచే కావాలంటే బార్లీ, ఓట్స్ మెరుగు. ముప్పావు కప్పు పొడి ఓట్స్‌లో ఎల్‌డీఎల్‌ను తగ్గించే బీటా గ్లూకాన్ అనే పీచు సుమారు 3 గ్రాములు ఉంటుంది. రోజుకు కావలసింది అంతే.

వంటలో కుదరనివారు మందుల దుకాణంలో దొరికే ఇసబ్గోల్ (కరిగే పీచున్న గింజల పొట్టు) తీసుకోవచ్చు. మొదట రోజుకు ఒక చెంచా, క్రమంగా రెండు చెంచాలు, ప్రతిసారీ పెద్ద గ్లాసు నిండా నీళ్లతో. నీళ్లు తక్కువైతే గొంతులోనో పేగులోనో అడ్డుపడే ప్రమాదం ఉంది. ఇతర మాత్రలకు, దీనికి కనీసం రెండు గంటల ఎడం ఉంచాలి. థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటలు. ఏ పీచైనా ఒకేసారి పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది కాబట్టి రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి.

అయిదో అడుగు: ట్రైగ్లిజరైడ్లు ఎక్కువైతే అన్నం, తీపి, మద్యం

పైన చెప్పిన జాతీయ పోషకాహార సంస్థ పళ్లెంలో తృణధాన్యాలు రోజుకు 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. వండకముందు తూకం ఇది. మీ ఇంట్లో ఒక రోజు వండే బియ్యాన్ని, కూరగాయలను తూచి మనుషుల లెక్కన పంచి చూడండి. అంకెలు తారుమారుగా కనిపించడం నాకు మామూలైపోయింది. కంచంలో కొండంత అన్నం, పక్కన నంజుకోవడానికి గరిటెడు కూర. ట్రైగ్లిజరైడ్లు పెరగడానికి, హెచ్‌డీఎల్ తగ్గడానికి ఇంతకన్నా పెద్ద కారణం వెతకనక్కరలేదు.

వడ్డించే వరుస మార్చితే పని సులభమవుతుంది. ముందు కంచంలో సగం కూర, ఆకుకూర పెట్టుకోండి. పావు భాగం గట్టి పప్పు, చేప, గుడ్డు లేదా చికెన్. అన్నం మిగిలిన పావులో. గోంగూర పప్పు, తోటకూర, మునగాకు పప్పు ఉన్న రోజు ఇది అసలు కష్టమే అనిపించదు. రాత్రి పూట అన్నానికి బదులు కొర్రలు, సామలు లేదా జొన్నరొట్టె తినవచ్చు. అవి కూడా పిండిపదార్థమే కాబట్టి మోతాదు మాత్రం పావు కంచమే. చిరుధాన్యమని రెట్టింపు తినేవారిని చూస్తుంటాను. అప్పుడు ఫలితం ఉండదు.

టీలో చక్కెర లెక్కపెట్టండి. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాలు అంటే 30 గ్రాముల పైమాటే. బెల్లం వేసుకున్నా ట్రైగ్లిజరైడ్లకు తేడా లేదు. చెరకు రసం, పళ్లరసం, శీతలపానీయం ఇదే కోవలోకి వస్తాయి. పండును పండుగానే తినండి.

మద్యం ట్రైగ్లిజరైడ్లను నేరుగా పెంచుతుంది. తాటికల్లు చెట్టు నుంచి వచ్చిందే కదా అంటారు. అందులోనూ ఆల్కహాలు ఉంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవారు పూర్తిగా మానడమే మంచిది. ఈ ఒక్క మార్పుతోనే కొందరి అంకె కొద్ది వారాల్లో స్పష్టంగా దిగుతుంది.

పండుగల సంగతి కూడా చెప్పాలి. సంక్రాంతి అరిసెలు, కనుమనాటి మాంసం, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వచ్చే చుట్టాలతో కలిసి తినే భోజనం మానుకోమని నేను ఎవరికీ చెప్పను. ఆ రోజు తినండి. పండుగ పేరుతో డబ్బాల నిండా వండుకొని నెలంతా తినేదే హాని చేస్తుంది. ఈసారి సగం వండండి.

ఆరో అడుగు: వారానికి రెండుసార్లు చేప

భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి తీరాలు ఉన్న మనకు ఇది వరం. కవళ్లు, కానాగంతలు లాంటి చవక చేపల్లోనే ఒమేగా-3 కొవ్వు బాగా ఉంటుంది. వంజరం కొనలేకపోయామని చిన్నబుచ్చుకోనక్కరలేదు. పులుసుగా వండితేనే లాభం, నూనెలో ముంచి వేయిస్తే పోతుంది. ఎండుచేపల్లో ఉప్పు చాలా ఎక్కువ, రక్తపోటు ఉన్నవారు దూరంగా ఉండాలి. చేప ట్రైగ్లిజరైడ్లకు మేలు చేస్తుంది, ఎల్‌డీఎల్‌ను తగ్గించదు. శాకాహారులు రోజుకు ఒక చెంచా అవిసె గింజల పొడిని కూరలో గాని మజ్జిగలో గాని కలుపుకోవచ్చు.

ఏడో అడుగు: నడక, నడుము, పొగ

వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో నడవాలి. విజయనగరంలో పెద్ద చెరువు గట్టు, శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డు, కోడి రామ్మూర్తి స్టేడియం, ఊళ్లలో అయితే పొలం గట్టు, ఎక్కడైనా సరే. ఎండాకాలం ఉదయం ఏడు లోపు లేదా చీకటి పడ్డాక నడవండి. రాత్రి భోజనం తరువాత పదిహేను నిమిషాల నడక అదనపు లాభం. వారానికి రెండు రోజులు గుంజీలు, గోడకు చేతులు ఆనించి చేసే దండీల వంటి కండరాల వ్యాయామం కూడా చేయండి. పొలం పనిలో ఒళ్లు వంచేవారికి ఆ కాలంలో వేరే నడక అవసరం లేదు. కోతలు అయ్యాక ఖాళీగా ఉండే నెలల్లోనే అలవాటు తప్పుతుంది, బరువు పెరుగుతుంది.

వ్యాయామం ముఖ్యంగా ట్రైగ్లిజరైడ్లను తగ్గిస్తుంది, హెచ్‌డీఎల్‌ను కొద్దిగా పెంచుతుంది. ఎల్‌డీఎల్ మీద ప్రభావం స్వల్పం. నడుము కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే బరువు తగ్గడమే మొదటి లక్ష్యం కావాలి. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే ట్రైగ్లిజరైడ్లు సుమారు 20 శాతం దిగుతాయి.

పొగాకు హెచ్‌డీఎల్‌ను పడగొడుతుంది, రక్తనాళాల గోడలను దెబ్బతీస్తుంది. బీడీ, సిగరెట్ మాత్రమే కాదు. మన తీరప్రాంతంలో పెద్దవయసు ఆడవారు నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకొని తాగే అడ్డపొగ నోటి క్యాన్సర్‌కూ దారి తీస్తుంది. ఇంట్లోని అమ్మమ్మలకు రిపోర్టు చూపించి ఈ మాట ప్రేమగా చెప్పండి. మానేసిన కొద్ది వారాల్లోనే హెచ్‌డీఎల్ మెరుగుపడటం మొదలవుతుంది.

ఎనిమిదో అడుగు: మళ్లీ పరీక్ష, మందుల నిర్ణయం

మార్పులు మొదలుపెట్టిన ఎనిమిది నుంచి పన్నెండు వారాలకు అదే ల్యాబులో మళ్లీ పరీక్ష చేయించుకోండి. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవారు 10 నుంచి 12 గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి, మంచినీళ్లు తాగవచ్చు. జ్వరం వచ్చి తగ్గిన వెంటనే చేయిస్తే ఎల్‌డీఎల్ తాత్కాలికంగా తక్కువ చూపిస్తుంది. గర్భిణుల్లో ఈ అంకెలు సహజంగానే పెరుగుతాయి.

ఎంత తగ్గుతుందని ఆశించవచ్చు? శ్రద్ధగా పాటిస్తే ఎల్‌డీఎల్ సాధారణంగా 10 నుంచి 20 శాతం. ట్రైగ్లిజరైడ్లు ఇంకా బాగా దిగుతాయి, కొందరిలో సగం వరకు. ఎల్‌డీఎల్ 145 ఉన్న మనిషికి 15 శాతం తగ్గితే 123 అవుతుంది, ఇతర జబ్బులు లేకపోతే అది మంచి ఫలితం. 210 ఉన్న మనిషికి అదే 15 శాతం తగ్గినా 178 దగ్గర ఆగుతుంది. ఇద్దరూ ఒకే శ్రద్ధతో పాటించారు, కానీ రెండో మనిషికి మాత్ర అవసరం. దాన్ని ఓటమిగా తీసుకోకండి. ఆహారం బాగుంటే తక్కువ మోతాదు మాత్రతో సరిపోయే అవకాశం ఉంటుంది.

ఇప్పటికే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడుతున్నవారు అంకెలు బాగున్నాయని సొంతంగా ఆపకూడదు. ఆ అంకెలు బాగుండటానికి మాత్ర కూడా ఒక కారణం. ఒళ్లు నొప్పులు వస్తే డాక్టరుకు చెప్పండి, మందు మార్చడానికో మోతాదు తగ్గించడానికో దారి ఉంటుంది. నానబెట్టిన మెంతులు, వెల్లుల్లి, కరివేపాకు కషాయం లాంటివి వంటలో భాగంగా ఉండనివ్వండి. మెంతుల్లో కరిగే పీచు ఉంది కూడా. మాత్రకు బదులుగా మాత్రం వాడకండి. మధుమేహానికి మందులు వాడుతున్నవారు మెంతులు ఎక్కువగా తీసుకుంటే చక్కెర మరీ పడిపోవచ్చు, చూసుకోవాలి.

ఇంట్లో ఎవరికైనా ఎల్‌డీఎల్ 190 దాటినా, మగవారిలో 55, ఆడవారిలో 65 ఏళ్ల లోపే గుండెపోటు వచ్చినా, వారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు సన్నగా ఉన్నా సరే ఒకసారి లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోవాలి. పిల్లలకు ఏ వయసులో చేయించాలో డాక్టరును అడగండి. పాత రిపోర్టులన్నీ ఒక కవరులో పెట్టి వెంట తీసుకువెళ్లండి.